ఒక గొంగళి, కొన్ని పుస్తకాలు, మార్కు

ఈ వారం ఒక పాత ఉత్తరం చదువుదాం. పెద్దదేమీ కాదు. నాలుగు అధ్యాయాలు, అన్నీ కలిపి 83 వచనాలు. ఫోన్‌లో బైబిల్ యాప్ ఉన్నవాళ్లు అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మొదలుపెడితే హైటెక్ సిటీలో దిగేలోపు అయిపోతుంది.

రాసినాయన పేరు పౌలు. రోములో ఖైదీ. ఒంటి మీద సంకెల ఉంది. ఈసారి ప్రాణాలతో బయటపడనని ఆయనకి తెలిసిపోయింది. అందుకున్నవాడు తిమోతి, ఆయన శిష్యుడు. ఇప్పటి టర్కీ పడమటి తీరంలో ఉన్న ఎఫెసు పట్నంలో సంఘం బాధ్యత మోస్తున్నాడు. కొత్త నిబంధనలో 'తిమోతికి రాసిన రెండవ పత్రిక' అని ఉంటుంది చూడండి, అదే ఇది. పౌలు పేరుతో ఉన్న ఉత్తరాల్లో ఇదే ఆఖరిదని సంప్రదాయం చెబుతుంది.

ఇందులో ఒక మాట మీరు చర్చికి వెళ్లకపోయినా ఎక్కడో చూసే ఉంటారు. మంచి పోరాటం చేశాననీ, పరుగు ముగించాననీ చెప్పే మాట. మన ఊళ్లలో క్రైస్తవ సమాధుల మీద ఉంటుంది. జ్ఞాపకార్థ కూడికల కార్డుల మీద ఉంటుంది. పెద్ద పాస్టరుగారు పోతే కట్టే ఫ్లెక్సీ మీద తప్పకుండా ఉంటుంది. ఆ వెంటనే తన కోసం దాచి ఉంచిన కిరీటం గురించి చెబుతాడు. సినిమా అయితే అక్కడ మ్యూజిక్ లేచి శుభం కార్డు పడాలి.

ఉత్తరం అక్కడ ఆగదు. కిరీటం మాట అయీ అవ్వగానే, పక్క వాక్యంలోనే, నువ్వు త్వరగా బయల్దేరి రావాలి అంటాడు. అక్కణ్ణుంచి అన్నీ ఇంటి సంగతుల్లాంటివే. ఎవరు వదిలేసి వెళ్లిపోయారు, ఎవరు మిగిలారు, వచ్చేటప్పుడు ఏం తేవాలి, దారిలో ఎవరితో జాగ్రత్తగా ఉండాలి. ఫ్లెక్సీ మీద ఈ భాగం ఎవరూ వేయించరు. నాకు మాత్రం ఉత్తరం మొత్తానికీ ప్రాణం ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఎందుకో చెప్పాలంటే ముందు తిమోతి ఎవరో తెలియాలి.

అతనిది లుస్త్ర అనే ఊరు. టర్కీ నడిమధ్యలో ఉండేది. తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. పౌలు మొదటిసారి ఆ ఊరు వెళ్లినప్పుడు జనం ఆయన్నీ, తోటి ప్రయాణికుడు బర్నబానీ దేవుళ్లే దిగొచ్చారనుకుని ఎద్దుల్నీ పూలదండల్నీ తెచ్చారు. కాసేపటికి బయటూళ్ల నుంచి వచ్చినవాళ్లు రెచ్చగొడితే, అదే ఊళ్లో పౌలుని రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పడేశారు. సోషల్ మీడియా లేని రోజుల్లో కూడా జనం ఇంతే వేగంగా మారేవాళ్లన్నమాట. తర్వాతి ప్రయాణంలో ఆ ఊరు వెళ్లినప్పుడు పౌలు ఈ కుర్రాణ్ణి వెంట తీసుకెళ్లాడు. అంటే ఈ పనిలో ఒంటి మీద ఏం పడుతుందో తిమోతి చేరకముందే తెలిసిన సంగతి.

తిమోతి హీరో టైపు కాదు. కొరింథు సంఘానికి రాస్తూ పౌలు ముందే జాగ్రత్త చెబుతాడు, తిమోతి వస్తే అతనికి భయం లేకుండా చూసుకోండని. తిమోతికే రాసిన మొదటి పత్రికలో, కడుపులో బాగుండదు, మాటిమాటికీ జబ్బు చేస్తోంది కాబట్టి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమంటాడు. చిన్నవాడివని నిన్నెవరూ తీసిపారేయకుండా చూసుకో అని కూడా చెబుతాడు. ఇవన్నీ కలిపి చూస్తే ఒక మనిషి కనిపిస్తాడు. మెతక. కొంచెం అనారోగ్యం. తనకన్నా పెద్దవాళ్లకి చెప్పాల్సిన చోట గొంతు పెగలనివాడు. ఆఖరి ఉత్తరం వచ్చేసరికి లెక్క ప్రకారం ముప్ఫై దాటే ఉంటాడు, అయినా పౌలుకి అతను 'ప్రియ కుమారుడే'.

ఇలాంటివాడికి ధైర్యం చెప్పాలంటే మనం ఏం చేస్తాం? నువ్వు తోపు, దున్నెయ్ అంటాం. ఒక ఫైర్ ఎమోజీ పెడతాం. పౌలు ఆ దారిలో వెళ్లడు. మొదట ఒక జ్ఞాపకం తీస్తాడు. నీ కన్నీళ్లు నాకు గుర్తున్నాయి, నిన్ను చూడాలని ఉంది అంటాడు. తర్వాత అతని అవ్వ లోయి పేరు, తల్లి యునీకే పేరు ఎత్తుతాడు. ఈ నమ్మకం నీకు వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందని గుర్తుచేస్తాడు. కొత్త నిబంధన మొత్తంలో 'అవ్వ' అనే అర్థమొచ్చే గ్రీకు మాట కనిపించేది ఈ ఒక్కచోటే. మా వీధి చివర చర్చి ఉండేది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో తిమోతీలు, లోయిస్‌లు, యునీస్‌లు బోలెడంతమంది ఉండేవాళ్లు. ఆ పేర్లు ఈ ఒక్క వాక్యం నుంచి వచ్చినవే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ తర్వాతే, దేవుడు మనకిచ్చింది పిరికితనం కాదు అనే మాట వస్తుంది. ముందు నిన్ను నేనెరుగుదును అని చెప్పి, ఆ తర్వాత భయపడకు అన్నాడు. ముందుది లేకుండా రెండోది మాత్రమే చెప్పేవాళ్లు మనకి రోజూ రీల్స్‌లో తగులుతూనే ఉన్నారు.

ఇంకో సంగతి. ఎక్కడా అంతా బాగవుతుందని చెప్పడు. నాతో పాటు నువ్వూ కష్టపడు అంటాడు. సైనికుడు, పందెంలో పరుగెత్తేవాడు, రైతు అని మూడు పోలికలు తెస్తాడు. మూడూ ఒళ్లు వంచాల్సిన పనులే. మాటల మీద ఊరికే వాదించుకోవద్దనీ, ఎదిరించేవాళ్లకి మెత్తగా చెప్పమనీ, చిన్నప్పట్నుంచి చదివిన లేఖనాలు వదలొద్దనీ రెండు, మూడు అధ్యాయాల్లో చెప్పుకుంటూ పోతాడు. కుర్ర పాస్టర్ల ట్రైనింగులో ఈ భాగం మీద ఎక్కువ క్లాసులు జరుగుతాయి. జరగాల్సిందే. నేను మాత్రం నాలుగో అధ్యాయం చివరికి వెళ్లిపోతాను.

అక్కడ పౌలు చుట్టూ ఎవరూ లేరు. దేమా లోకం మీద మనసై థెస్సలొనీకకి వెళ్లిపోయాడు. క్రేస్కే గలతీయకి, తీతు దల్మతియకి వెళ్లారు. తుకికుని తనే ఎఫెసుకి పంపాడు. బహుశా ఆ చేత్తోనే ఈ ఉత్తరం కూడా వెళ్లి ఉంటుంది, ఎందుకంటే అప్పటి రోమన్ టపా ప్రభుత్వ అవసరాలకే. మామూలు జనం ఉత్తరాలు అటు వెళ్లే మనిషి సంచిలో వెళ్లాల్సిందే. త్రోఫిముకి జబ్బు చేస్తే మిలేతులో వదిలేసి రావాల్సొచ్చింది. మిగిలింది లూకా ఒక్కడు. కోర్టులో మొదటిసారి నిలబెట్టినప్పుడు పక్కన ఒక్కడూ నిలబడలేదు. ఆ మాట చెప్పి, అది వాళ్ల లెక్కలో పడకూడదని కోరుకుంటాడు. అందరినీ ఒకే గాటన కట్టడు కూడా. భయపడి రానివాళ్ల మీద కోపం లేదు. తనకి చాలా కీడు చేసిన అలెక్సంద్రు అనే కంచరి విషయం మాత్రం దేవుడికి వదిలేసి, నువ్వు అతనితో జాగ్రత్త అని తిమోతికి పేరు పెట్టి చెబుతాడు. క్షమించడమంటే ఎవరేమిటో మర్చిపోవడం కాదని ఆయన లెక్క కాబోలు.

ఇక్కడ వస్తుంది మార్కు సంగతి. దీని వెనక పెద్ద కథ ఉంది.

ఏళ్ల క్రితం పౌలు, బర్నబా కలిసి మొదటి ప్రయాణానికి వెళ్లినప్పుడు మార్కు సహాయకుడిగా వెళ్లాడు. పంఫూలియ తీరంలో దిగాక మధ్యలోనే వదిలేసి యెరూషలేముకి వెళ్లిపోయాడు. తర్వాతి ప్రయాణానికి మళ్లీ తీసుకెళ్దామని బర్నబా అన్నాడు. మార్కు ఆయనకి దగ్గరి బంధువు. పౌలు ససేమిరా అన్నాడు. మాటా మాటా పెరిగింది. అన్నాళ్లు కలిసి దెబ్బలు తిన్న ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కుని తీసుకుని కుప్రకి ఓడెక్కాడు. పౌలు సీలతో కలిసి నడక దారిన బయల్దేరాడు. అపొస్తలుల కార్యములు పుస్తకంలో 15వ అధ్యాయం ఈ గొడవతో ముగుస్తుంది. 16వ అధ్యాయం మొదట్లో పౌలు లుస్త్రకి చేరతాడు, తిమోతిని వెంట తీసుకుంటాడు.

వరస గమనించారా? మార్కు లేని ఖాళీలోకి వచ్చినవాడు తిమోతి.

ఇప్పుడు ఆ తిమోతికే రాస్తున్నాడు, వచ్చేటప్పుడు మార్కుని వెంటబెట్టుకు రా, నా పనికి అతను పనికొస్తాడని. ఒకప్పుడు వీడు పనికిరాడని ఎవరి కోసమైతే స్నేహితుణ్ణే వదులుకున్నాడో, అతని గురించి. ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చింది కాదు. మధ్యలో రాసిన ఫిలేమోను పత్రిక చివర్లో తన తోటి పనివాళ్లంటూ కొన్ని పేర్లు రాస్తాడు. అందులో మార్కు ఉన్నాడు. అదే వరసలో దేమా కూడా ఉన్నాడు. అప్పటికి ఇద్దరూ ఒకే లైన్‌లో. చివరి ఉత్తరానికి వచ్చేసరికి వెళ్లిపోయినవాడు తిరిగొచ్చాడు, ఉన్నవాడు వెళ్లిపోయాడు. మెతకవాడైన ఒక కుర్ర సేవకుడికి ఈ రెండు పేర్లూ ఒకే పేరాలో చదవడం ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. మధ్యలో వదిలేసి పారిపోయినవాడికి కూడా ఇక్కడ మళ్లీ చోటుందని అతనికి ఎవరూ ప్రసంగం చేసి చెప్పక్కర్లేదు.

తర్వాత సామాన్ల జాబితా. త్రోయలో కర్పు అనే ఆయన దగ్గర వదిలి వచ్చిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు.

తెలుగు బైబిల్లో అంగీ అని ఉండటం వల్ల మనకి చొక్కా గుర్తొస్తుంది. అది చొక్కా కాదు. రోమన్లు ప్రయాణాల్లో వేసుకునే మందపాటి పైబట్ట. చేతులుండవు, తల దూర్చుకునే కంత ఉంటుంది. మన గొర్రెల కాపరుల గొంగళికి దగ్గరి చుట్టం అనుకోండి. వానకీ చలికీ అదే కాపు, రాత్రికి అదే దుప్పటి. అప్పటి జైళ్లలో ఖైదీకి కావాల్సింది చాలావరకు బయటి మనుషులే తెచ్చిపెట్టాలి.

మా నాయనమ్మకి చూపు మందగించాక సాయంత్రాలు నా చేత బైబిల్ చదివించుకునేది. ఈ వాక్యం దగ్గరికి రాగానే ప్రతిసారీ ఆపమనేది. "పాపం, ముసలాయనకి చలేస్తోందిరా," అనేది. అంతే. వ్యాఖ్యానం ఇంకేం ఉండదు. తర్వాత నేను ఈ పత్రిక మీద లావుపాటి వ్యాఖ్యాన గ్రంథాలు కొన్ని తిరగేశాను. ఆ వాక్యం గురించి అంతకన్నా సూటిగా చెప్పినవాళ్లు నాకు కనపళ్లేదు.

మన దగ్గర పెద్ద పాస్టరుగారి రిటైర్మెంట్ సభ పెడితే శాలువాల మీద శాలువాలు కప్పుతారు. ఇంటికెళ్లాక అవన్నీ బీరువాలోకి పోతాయి. ఈయనకి శాలువా కప్పినవాళ్లు లేరు, తనదే అయిన పాత గొంగళి ఒకటి వేరే దేశంలో ఉండిపోయింది.

సరే, గొంగళి అర్థమైంది. రేపో మాపో తల తీయించుకోబోయే మనిషికి పుస్తకాలెందుకు? నాకు దీని జవాబు ఇంకో ఖైదీ దగ్గర దొరికింది. విలియం టిండేల్ అని, బైబిల్‌ని ఇంగ్లిష్‌లోకి అనువదించినాయన. 1535లో పట్టుకుని బ్రస్సెల్స్ దగ్గర విల్‌వోర్డ్ కోటలో పెట్టారు. అక్కణ్ణుంచి ఆయన లాటిన్‌లో రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. వెచ్చటి టోపీ కావాలన్నాడు, వెచ్చటి కోటు కావాలన్నాడు. సాయంత్రాలు చీకట్లో ఒంటరిగా కూర్చోలేకపోతున్నానని దీపం అడిగాడు. అన్నిటికన్నా ఎక్కువగా హీబ్రూ బైబిల్, హీబ్రూ వ్యాకరణం, నిఘంటువు కావాలన్నాడు. మరుసటి ఏడాది, 1536లో, ఆయన్ని చంపేశారు. పౌలుకీ టిండేల్‌కీ మధ్య దాదాపు పదిహేను వందల ఏళ్లు. అడిగినవి మాత్రం అవే. చలికి బట్ట, చదువుకోడానికి పుస్తకం. చావు దగ్గరపడినా పని ఆగిపోలేదని ఇద్దరి లెక్కా.

ఇంక ఆ తొందర సంగతి. చలికాలం మొదలవకముందే వచ్చెయ్యాలని చివర్లో మళ్లీ అంటాడు. ఇది వాతావరణం గురించి కబుర్లు కాదు. మధ్యధరా సముద్రం మీద నవంబరు నడిమి నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఓడల రాకపోకలు దాదాపు ఆగిపోయేవి. తిమోతి ఎఫెసు నుంచి పైకి త్రోయ వెళ్లాలి, అక్కడ గొంగళి తీసుకోవాలి, ఓడెక్కి మాసిదోనియ చేరాలి, ఎగ్నాషియా అనే రోమన్ రోడ్డు మీద ఇప్పటి అల్బేనియా తీరం దాకా నడవాలి, మళ్లీ ఓడెక్కి ఇటలీ, అక్కణ్ణుంచి రోము. మామూలుగా వాడుకలో ఉన్న దారి అది. మధ్యలో సముద్రం మూసుకుపోతే వసంతం దాకా ఎక్కడికక్కడ ఆగిపోవాల్సిందే. అప్పటికి పౌలు ఉండడు.

సీజన్ దాటాక సముద్రం ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. అంతకుముందు ఖైదీగా రోముకి తెస్తున్నప్పుడు, వెళ్లొద్దని ఆయన చెప్పినా వినకుండా ఓడ నడిపారు. పద్నాలుగు రాత్రులు తుఫానులో కొట్టుకుపోయి మాల్టా దగ్గర ఓడ ముక్కలైంది. అందులో ఉన్నది 276 మంది. అందరూ ఒడ్డుకు చేరారు.

ఇంకో భయం సముద్రం కన్నా పెద్దది. క్రీ.శ. 64లో రోము తగలబడింది. నిందని నీరో చక్రవర్తి క్రైస్తవుల మీదకి తోశాడు. పౌలు చివరి జైలు ఆ తర్వాతి రోజులదని సంప్రదాయం. ఆ ఊళ్లోకి వెళ్లి, ఫలానా ఖైదీ ఎక్కడున్నాడని అడగడమే ప్రమాదం. ఒనేసిఫోరు అనే ఆయన అలా వెతికి వెతికి కనుక్కుని, ఈ సంకెళ్లని చూసి సిగ్గుపడలేదని పౌలు ఉత్తరం మొదట్లోనే ఎంతో ప్రేమగా రాసుకున్నాడు. ఇప్పుడు అదే పని తిమోతిని చేయమంటున్నాడు. కొరింథు వెళ్లడానికే భయపడతాడేమో అనుకున్న మనిషిని, నీరో ఊరికి రమ్మంటున్నాడు.

చాలామంది పెద్దలు చివర్లో కుర్రాళ్లకి సలహాలిస్తారు, అవసరం మాత్రం చెప్పుకోరు. పెద్దరికం తగ్గుతుందని భయం. పౌలు మూడు అధ్యాయాలు సలహాలిచ్చి, నాలుగో దాంట్లో చలి, ఒంటరితనం అన్నీ దాచకుండా చెప్పుకున్నాడు. నువ్వు చేయగలవు అని ఎన్నిసార్లు రాసినా రాని నమ్మకం, నువ్వొస్తే తప్ప నాకు గడవదు అన్న మాటలో ఉందని నా అభిప్రాయం. మొదటి ఉద్యోగంలో మీ సీనియర్ ఎవరైనా, ఇది నాకు రావట్లేదు, కాస్త నువ్వు చూడు అని ఉంటే మీకు ఈ ముక్క వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం. ఈ ఉత్తరం పౌలు రాసిందేనా అన్నది రెండొందల ఏళ్లుగా నలుగుతున్న వాదన. ఇందులో మాటల తీరు ఆయన మిగతా ఉత్తరాలకి భిన్నంగా ఉందనీ, ఆయన పోయాక శిష్యుల్లో ఒకరు ఆయన పేరు మీద రాశారనీ చాలామంది పండితులు అంటారు. కాదు, గొంగళి, కర్పు, జబ్బుపడిన త్రోఫిము లాంటి వివరాలు ఎవరూ కూర్చుని కల్పించరని ఇంకొందరు అంటారు. నా ఓటు గొంగళికే. పండితుణ్ణి కాను కాబట్టి ఈ ఓటుకి పెద్ద విలువ లేదు. ఒకవేళ శిష్యుడే రాశాడనుకున్నా, గురువు చివరి రోజుల్ని తలుచుకుని అతను కిరీటం దగ్గర ఆపెయ్యకుండా చలి దాకా వెళ్లాడంటే, అతనూ గురువుని బాగానే ఎరిగినవాడన్నమాట.

తిమోతి రోము చేరాడా, గొంగళి అందిందా అన్నది బైబిల్లో ఎక్కడా లేదు. పౌలుని రోములోనే తల నరికి చంపారని సంప్రదాయం. తిమోతి గురించి మాత్రం ఒక చిన్న ముక్క ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక ఆఖర్లో, పలకరింపులకి కాస్త ముందు. మన తిమోతికి విడుదల దొరికిందని, అతను త్వరగా వస్తే ఇద్దరం కలిసి మిమ్మల్ని చూడ్డానికి వస్తామని. ఏ జైలు, ఎన్నాళ్లు, ఏ నేరం మీద అన్నది రాయలేదు. విడుదల అన్నారంటే, ఆ కడుపు నొప్పి కుర్రాడు కూడా లోపలికి వెళ్లొచ్చాడన్నమాట.